తల్లి కాగితం, పిల్ల కాగితం

పోయిన వారం హరిత ఫోన్ చేసింది. ప్రభుత్వాసుపత్రిలో నేను ఖాళీ చేసిన కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్నది ఆ అమ్మాయే. పిల్లల మానసిక వైద్య విభాగంలో సైకాలజిస్టు. చేరి ఏడాది కాలేదు.

"మేడమ్, పన్నెండేళ్ళ బాబు. వాళ్ళమ్మ కాగితం చూస్తే వీడికేమీ లేదు, కాస్త మొండితనం అంతే. వీడి కాగితం చూస్తే నాకు భయమేస్తోంది. ఎవరి మాట నమ్మాలి?"

నేను పొయ్యి మీద పప్పు పెట్టి ఉన్నాను. "పిల్లాడి మాట నమ్ము," అనేసి ఫోన్ పెట్టేశాను.

ఆ పప్పు అడుగంటింది. అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. మేడ మీదకెళ్ళి ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాను. నేను చెప్పింది అబద్ధం కాదు, కానీ సగమే. ఆ సగం పట్టుకుని ఆ అమ్మాయి రేపు ఇంకో పిల్ల విషయంలో పొరబడితే? మళ్ళీ ఫోన్ చేసి పావుగంట మాట్లాడాను. అయినా నాకు తృప్తిగా లేదు. ఇరవయ్యెనిమిదేళ్ళు చేసిన పని పావుగంటలో చెప్పడం నా వల్ల కాలేదు.

అందుకని రాస్తున్నాను. బదిలీలు, ప్రమోషన్లు, వీడ్కోలు సభలో కప్పిన శాలువా, ఇవేవీ ఇందులో ఉండవు. మా పెద్ద డాక్టరు గారు, ఒక పిల్ల, ఆ పిల్ల తల్లి, నేను నా చేత్తో చేసిన ఒక పాడు పని. అంతే.

దిగులని చెప్పి ఎవరూ రారు

"మా పాప దిగులుగా ఉంటోంది" అంటూ మా గదికొచ్చిన తల్లుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కడుపునొప్పి అని వస్తారు. తలనొప్పి అని వస్తారు. చదవట్లేదు, ఎదురు తిరుగుతున్నాడు, ఫోను వదలడు అని వస్తారు. పిల్లల డాక్టరు పరీక్షలన్నీ చేయించి, ఏమీ కనబడక మా దగ్గరికి పంపేవాడు. అప్పటికే అమ్మవారి మొక్కు, తాయెత్తు అయిపోయి ఉండేవి. వాటిని నేనెప్పుడూ వెక్కిరించలేదు. తాయెత్తు కట్టించిన తల్లి, పిల్ల ఏ రోజు నుంచి మారిందో చెప్పగలిగేది.

వచ్చినవాళ్ళకి రెండు కాగితాలుండేవి. ఒకటి తల్లికో తండ్రికో, రెండోది పిల్లకి. దాదాపు అవే ప్రశ్నలు, ఒకటి "మీ పాప" అని, ఒకటి "నువ్వు" అని. లేదు, అప్పుడప్పుడు, ఎక్కువగా. ఈ మూడింట్లో ఒకదాని ఎదురుగా టిక్కు పెట్టాలి. చదువు రానివాళ్ళకి నేను చదివి వినిపించి, వాళ్ళు చెప్పినచోట పెట్టేదాన్ని.

ఆ రెండు కాగితాలూ కలిసేవి కావు. ఒకే ఇల్లు, ఒకే వారం, అయినా ఇద్దరు వేరువేరు మనుషుల గురించి రాసినట్టుండేది. తల్లికి కనబడేది బయటిది: కంచం తోసెయ్యడం, విసుగు, మార్కులు, చెల్లెలి మీద చెయ్యెత్తడం. పిల్లకి తెలిసేది లోపలిది: తెల్లారకుండానే మెలకువ రావడం, తప్పంతా నాదే అన్న ఆలోచన, ఇష్టమైన ఆట కూడా చప్పగా అయిపోవడం. పిల్ల చెప్పుకున్నంత బాధ తల్లికి తెలియదు. తల్లి చూసినంత మార్పు పిల్లకి తెలియదు.

కొత్తలో నేను దీన్ని కాగితాల లోపమనుకున్నాను. రెండు మొత్తాలూ కలిపి సగం చేసి, ఆ అంకె కేసు షీటు మీద రాసేదాన్ని. మా పెద్ద డాక్టరు జగ్గారావు గారు ఒకరోజు అది చూశారు.

"ఏంటమ్మా ఇది?"

"సగటు సార్."

"తల్లి ఒళ్ళు చల్లగా ఉంది. పిల్లకి నూట నాలుగు జ్వరం. రెండూ కలిపి సగం చేసి, పిల్లకి కాస్త వెచ్చగా ఉందని రాస్తావా?"

పక్కన ఇద్దరు నర్సులున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి రెండు కాగితాలూ పక్కపక్కనే పెట్టి పిన్ను కొట్టేదాన్ని. ఎక్కడ కలవలేదో అక్కడ ఎర్ర పెన్సిలుతో గీత గీసి, ఆ గీతల దగ్గర నుంచే మాటలు మొదలుపెట్టేదాన్ని. జగ్గారావు గారు నాకు నేర్పిన పనిలో ముఖ్యమైనది ఇదే.

ఆయన మహానుభావుడని రాయను. ఆయనకి తల్లిదండ్రులంటే చిరాకు. పిల్లని బయటికి పంపకుండానే తండ్రుల్ని కడిగేసేవారు. పిల్లల మాట వేదమనేవారు. అది కూడా తప్పేనని మాకు చూపించినవాడు రాజాం దగ్గర పల్లెనుంచి వచ్చిన ఒక రైతు. పేరు అప్పలనాయుడు. పద్నాలుగేళ్ళ కొడుకుని తీసుకొచ్చాడు.

"మావోడు దూడల దగ్గరకి ఎల్లట్లేదు సారూ," అన్నాడు. "పేర్లెట్టి మరీ పిలిసేవోడు. ఇప్పుడు సాలకేసి సూడను కూడా సూడట్లేదు."

కుర్రాడు మాత్రం చక్కగా కూర్చున్నాడు. నవ్వుతూ జవాబులు చెప్పాడు. కాగితంలో ప్రతిదానికీ 'లేదు' అని పెట్టాడు. డాక్టరు గారు వాడి భుజం తట్టి, తండ్రివైపు తిరిగి, "నీ కొడుక్కేమీ లేదు నాయుడూ, బెంగ నీకే," అన్నారు.

మూడు వారాలకి ఆ కుర్రాణ్ణి తండ్రీ మేనమామా చెరో చెయ్యీ పట్టుకుని నడిపించుకొచ్చారు. నాలుగు రోజులుగా అన్నం ముట్టలేదు. మాట లేదు. డాక్టరు గారు లేచి నిలబడ్డారు. "తప్పు నాది నాయుడూ. నువ్వు చెప్పింది నేను వినలేదు," అన్నారు, మా అందరి ముందూ. ఆ మాట అనగలిగిన పెద్ద డాక్టర్లని నేను ఆ తరవాత ఎక్కువమందిని చూడలేదు.

కోలుకున్నాక ఆ కుర్రాణ్ణి అడిగాను, అప్పుడు బాగానే ఉన్నానని ఎందుకు చెప్పావని.

"బాగున్నానంటే ఇంటికి పంపేస్తారనుకున్నాను," అన్నాడు. మళ్ళీ తనే, "అందరికీ అలాగే ఉంటాది కాబోలు అనుకున్నాను మేడం," అన్నాడు.

చెరిపేసిన టిక్కు

ఇవన్నీ తెలిసి, ఇరవయ్యేళ్ళు పైబడి చేసి, అప్పుడు చేశాను ఈ తప్పు. కొత్తలో చేసినదైతే ఇంత కుదిపేది కాదు.

కరోనా తగ్గి బళ్ళు తెరిచిన ఏడాది. జగ్గారావు గారు రిటైరైపోయారు. మా వరండా నిండిపోయి ఉండేది. రెండేళ్ళు ఇంట్లో కూర్చున్న పిల్లలు బడికి వెళ్ళలేక, వెళ్ళి కూర్చోలేక, ఒకరి తరవాత ఒకరు వచ్చేవారు. అలాంటి ఒక సోమవారం గౌరి వచ్చింది. ఏడో తరగతి, పన్నెండేళ్ళు. శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న జాలర్ల పల్లె వాళ్ళది. తండ్రి గుజరాత్ వెళ్ళి అక్కడి బోట్లలో పనిచేస్తాడు, ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే. తల్లి నూకమ్మ తెల్లారగట్ల ఒడ్డుకెళ్ళి చేపలు తీసుకుని, గంపెత్తుకుని ఊళ్ళు తిరిగి అమ్ముతుంది.

నూకమ్మ కుర్చీ అంచున కూర్చుంది.

"కడుపునొప్పంటాది మేడం. ఆదోరం రాదు. సోమారం పొద్దున్నే వస్తాది. బడికి ఎల్లనంటాది. ఏటన్నా అంటే మీద పడిపోతాది. సెల్లిని సావగొడతాది."

"చెల్లిని ఎందుకు కొడుతుంది?"

"మా అత్త మంచం మీద కూకున్నాదని. అత్త పోయి ఏడాది దాటిపోనాది. ఆ మంచం మీద ఎవుల్నీ కూకోనివ్వదు. తనూ కూకోదు."

"ఏడుస్తుందా?"

"ఏడవదు. దానికి ఏడుపే రాదు మేడం. రాయి."

నేను రాసుకున్నది ఇదీ: చెల్లిని కొడుతుంది. ఏడవదు. మంచం సంగతి రాయలేదు. కాగితంలో దానికి గడి లేదు.

తల్లిని బయట కూర్చోమని, గౌరికి కాగితం ఇచ్చాను. సన్నటి పిల్ల, పెద్దవాళ్ళకి కుట్టినంత వదులు యూనిఫాం. వేలు పెట్టి ఒక్కో ప్రశ్న చదువుకుంది. 'నీకు విచారంగా ఉంటోందా?' లేదు. 'ఆసక్తి తగ్గిందా?' లేదు. అన్నీ గబగబా లేదు, లేదు. ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం పెన్సిలు ఆగింది. 'నేను లేకపోతే ఇంట్లోవాళ్ళకి బాగుంటుంది అనిపిస్తుందా?' చాలాసేపు చూసింది. 'అప్పుడప్పుడు' ఎదురుగా చిన్న టిక్కు పెట్టింది.

నేను అది చూశాను. చూశానని గట్టిగా రాస్తున్నాను, ఎందుకంటే చూడలేదని చెప్పుకోవడం నాకు ఎంత సుఖంగా ఉండేదో నాకు తెలుసు.

అప్పుడు చెయ్యాల్సింది ఏమిటో నాకు కంఠతా వచ్చు. ఆ పిల్లతో ఒంటరిగా కూర్చోవాలి. ఇంకో గంటైనా కూర్చోవాలి. నేనేం చేశానంటే, తల్లిని లోపలికి పిలిచి, ఆ పిల్ల ఎదురుగానే, "అమ్మా, మీ పాప తను లేకపోతే మీకు బాగుంటుందనుకుంటోంది, తెలుసా?" అన్నాను.

నూకమ్మ మొహం పాలిపోయింది. కూతురి జబ్బ పట్టుకుంది.

"ఏటే? ఏటి తక్కువ సేసేనే నీకు? ఎవులి కోసం తిరుగుతన్నానే నేను?"

అది కోపం కాదు, భయం. కానీ పన్నెండేళ్ళ పిల్లకి ఆ రెండూ ఒకేలా వినిపిస్తాయి.

"తెలీక ఎట్టేసేను మేడం," అంది గౌరి, నావైపు చూడకుండా. "టిక్కు తప్పడిపోనాది."

వరండాలో ఎవరో పిల్లాడు గట్టిగా ఏడుస్తున్నాడు. అటెండరు రెండోసారి తలుపు తోసి చూశాడు. నాకు లోపల ఏదో తేలికైంది. తప్పడిపోయిందిట, మంచిదే. బల్ల మీద రబ్బరు ఉంది. ఆ టిక్కు చెరిపేసి, 'లేదు' ఎదురుగా నేనే టిక్కు పెట్టాను. ప్రవర్తన సమస్య అని రాసి, నెల తరవాత రమ్మన్నాను.

తొమ్మిది రోజులు

తొమ్మిదో రోజు గౌరి బడి నుంచి మధ్యాహ్నం భోజనాల వేళ బయటికొచ్చేసింది. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న ముసలాయన ఒకడు, ఇసకలో బడిసంచీ ఉండటం చూసి తలెత్తాడు. పిల్ల యూనిఫాంతోనే గుండెలోతు నీళ్ళలో ఉంది. ఆడుకుంటున్న పిల్లలా లేదట. ఇటు తిరిగి చూడలేదట. ఆయన పరిగెత్తి అందుకున్నాడు. "కూడా వచ్చేసినాది, పెనుగులాడలేదు," అని తరవాత నాతో చెప్పాడు. ఆ మాట నాకు ఇప్పటికీ నిమ్మళం ఇవ్వదు.

మర్నాడు పొద్దున్న, వార్డులో చేరినవాళ్ళ జాబితాలో పేరు చూసి వెళ్ళాను. గౌరి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నూకమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"మల్లీ అడుగుతారేటి మేడం? నేనడిగితే ఏటీ సెప్పట్లేదు."

నన్ను తిడుతుందనుకుని వెళ్ళాను. తిట్టి ఉంటే బాగుండేది. గదికి తీసుకెళ్ళి ఫైలు తీశాను. చెరిపినచోట కాగితం పలచబడి ఉంది. వెలుతురుకి పెడితే పాత టిక్కు కనిపిస్తోంది. అది ఆవిడకి చూపించి, "ఇది గౌరి పెట్టింది. నేను చెరిపేశాను," అన్నాను.

నూకమ్మకి చదువు రాదు. ఆ పలచబడినచోట వేలితో తడిమి చూసింది.

"నేనే కదా దాన్ని బెదరగొట్టేసేను," అంది.

నా తప్పులో వాటా తీసుకోబోయింది. "కాదమ్మా. మీరు తల్లి, భయపడ్డారు. భయపడకుండా ఉండాల్సింది నేను," అన్నాను. అలా అనగలిగినందుకు గొప్పేమీ లేదు. అంతకంటే ముందు అనాల్సిన మాటలు వేరే ఉన్నాయి.

తడిసిన వల

మూడు రోజులు గౌరి నాతో మాట్లాడలేదు. నేనూ కాగితం పట్టుకెళ్ళలేదు. పొద్దున్నొకసారి, మధ్యాహ్నమొకసారి వెళ్ళి కూర్చునేదాన్ని. నాలుగో రోజు, ఉన్నట్టుండి, గోడవైపే చూస్తూ అడిగింది: "ఇచారం అంటే ఏటి మేడం?"

"నువ్వేమనుకున్నావు?"

"పోలీసోల్లు సేసేదనుకున్నాను. దొంగతనం సేసినోల్లని."

అది విచారణ. ఇరవయ్యేళ్ళుగా ఆ కాగితాన్ని పిల్లల చేతుల్లో పెట్టాను. ఆ మాట వాళ్ళ ఇళ్ళల్లో వాడరని నాకు తట్టలేదు. మా అమ్మా వాళ్ళు విజయనగరంలో మాట్లాడే మాట నా నోట్లోనే ఉంది, ఉద్యోగం కోసం దాన్ని పక్కన పెట్టి పుస్తకం మాట పెట్టుకున్నాను. ఆ రోజు మళ్ళీ బయటికి తీశాను.

"పొద్దున్న లెగిస్తే ఎలాగుంటాది గౌరీ, ఒల్లు?"

ఆలోచించింది. "తడిసిన వల లాగ ఉంటాది. ఎంత లాగినా లెగదు."

"ఎప్పట్నుంచి?"

"మామ్మ ఎల్పోయినకాడ్నుంచి."

తరవాత మెల్లగా, ముక్కలు ముక్కలుగా చెప్పింది. జ్వరాల రోజుల్లో ఎవరింటికీ వెళ్ళొద్దని తల్లి చెప్పింది. గౌరి ఒకరోజు వెళ్ళింది, స్నేహితురాలి ఇంటికి ఆడుకోడానికి. నాలుగు రోజులకి మామ్మకి జ్వరమొచ్చింది. అంబులెన్సు వచ్చి తీసుకెళ్ళింది. మామ్మ తిరిగి రాలేదు, కడసారి చూపు కూడా ఎవరికీ దక్కలేదు. నాన్నకి తల్లి లేకుండా పోయింది. అంతా తనవల్లే.

"ఆ జొరం నేనే తెచ్చేను మేడం."

ఏడాదిన్నర ఆ పిల్ల ఈ మాటని కడుపులో పెట్టుకుని తిరిగింది. మామ్మ మంచం మీద చెల్లి కూర్చుంటే కొట్టింది. ఆ మంచం సంగతి తల్లి మొదటిరోజే నాకు చెప్పింది. గడి లేదని నేను వదిలేశాను. అంటే పిల్ల కాగితంలో ఉన్నది చెరిపేశాను, తల్లి నోట్లో ఉన్నది రాయలేదు. ఇద్దరూ చెప్పారు. ఎవరికి తెలిసిన ముక్క వాళ్ళు చెప్పారు. ఆ రెండు ముక్కలూ కలిపి చూడటం నా ఉద్యోగం.

"అమ్మకి ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే ఏడుస్తాది. తెల్లారగట్ల లెగాలి కదా."

ఈసారి అడిగాను, ఇది అమ్మకి చెప్పొచ్చా అని. "మీరు సెప్పొద్దు. నేనే సెప్తాను. మీరు పక్కనుండండి," అంది.

మర్నాడు నా గదిలో ముగ్గురం కూర్చున్నాం. గౌరి నేల చూస్తూ, వల్లించినట్టు, ఆపకుండా చెప్పేసింది. నేను మాట్లాడబోయి ఆగాను. నూకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తీసి, మామూలు గొంతుతో అంది:

"ముందు జొరం నాకొచ్చినాది."

గౌరి తలెత్తింది.

"నువ్వెల్లకముందే. ఎవులికీ సెప్పలేదు. సెప్తే సేపలు కొనరు, ఊల్లోకి రానివ్వరు. మాత్రేసుకుని తిరిగేను. అత్తకి నీల్లు ఇచ్చినది నేను, ఒల్లు పట్టినది నేను. ఇన్నాల్లూ నేనే సంపేసేననుకుంటన్నాను."

ఆ జ్వరం ఎవరి వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరని, ఆ రోజుల్లో గాలే అలా ఉందని నేను ఇద్దరికీ చెప్పాను. విన్నారో లేదో తెలీదు. గౌరి కుర్చీ జరుపుకుని తల్లి పక్కకి వెళ్ళింది. నూకమ్మ ఆ పిల్ల తల తన ఒళ్ళో పెట్టుకుంది. గౌరి ఏడ్చింది. రాయి అన్న పిల్ల అరగంట ఏడ్చింది.

ఆ తరవాత

అక్కడితో అంతా బాగుపడిపోలేదు. అలా రాస్తే కొత్తవాళ్ళని మోసం చేసినట్టు. మందులు పడ్డాయి. వారం వారం రమ్మన్నాం, కొన్ని వారాలు రాలేదు. తండ్రి గుజరాత్ నుంచి వచ్చి నెల రోజులున్నాడు. మామ్మ మంచానికి కొత్త నవ్వారు అల్లాడు, అక్కచెల్లెళ్ళిద్దర్నీ దాని మీదే పడుకోబెట్టాడు. ఆరు నెలలకి గౌరి బడిలో ఖోఖో ఆడిందని టీచరు చెప్పింది. పదో తరగతిలో మళ్ళీ ముసురుకుంది. ఈసారి ఎవరూ తీసుకురాలేదు. తనే తల్లితో, "వల మల్లీ తడిసిపోనాదమ్మా, మేడం దగ్గరికి ఎల్దాం," అందట. బస్సెక్కి వచ్చారు. మూడు నెలల్లో తేరుకుంది.

హరితకీ, హరిత లాంటి వాళ్ళకీ నేను చెప్పదలచుకున్నది ఇదే. ఎవరి మాట నమ్మాలన్న ప్రశ్న దగ్గర ఆగిపోకండి. పిల్ల చావు మాట ఎత్తితే మాత్రం, అది టిక్కు తప్పడినట్టు కనిపించినా సరే, ఇంకెవరూ అవునన్నా కాదన్నా సరే, దాన్ని నిజమనే పట్టుకోండి. అందులో బేరం లేదు. ఇంట్లోవాళ్ళకి చెప్పి తీరాలి. ఎలా చెప్తామో, ఎవరు చెప్తారో ముందు పిల్లతో మాట్లాడుకోండి. దాచిపెడతానని మాత్రం మాటివ్వకండి, నిలబెట్టుకోలేరు. మిగతా వాటిలో, రెండు కాగితాలు కలవనిచోట ఒకరు అబద్ధమాడుతున్నారని అనుకోవద్దు. అక్కడే కూర్చోండి. 'కోపం ఎక్కువ' అని తల్లి, 'కోపం లేదు' అని పిల్ల అంటే, ఆ కోపం వచ్చే ముందు ఇంట్లో ఏం జరిగిందో అడగండి. గడిలో పట్టనిది అంచున రాసుకోండి. ప్రశ్నలు ఆ ఊరి మాటలో అడగండి. పైవాళ్ళు నెలకెన్ని కాగితాలు నింపారని లెక్క అడుగుతారు, మొదట్లో మీకు భయంగా ఉంటుంది. ఆ లెక్క తగ్గిందని నన్ను రెండుసార్లు పిలిచి మందలించారు. ఏమీ కాలేదు.

అయినా నాకు కుదురు లేదు. గౌరి నీళ్ళలోంచి వెనక్కి వచ్చింది కాబట్టి ఆ టిక్కు సంగతి నాకు తెలిసింది. అంతకుముందు సగటు చేసి పంపేసిన పిల్లలు, తెలీక పెట్టానంటే సరేనని వదిలేసిన పిల్లలు, వాళ్ళు ఏమయ్యారో నాకు తెలీదు. కొందరి పేర్లు గుర్తున్నాయి. బజారులో ఆ వయసువాళ్ళు ఎవరైనా నవ్వుతూ ఎదురొస్తే, ఒక్క క్షణం పేరు వెతుక్కుంటాను.

ఇంకొకటి రాసి ముగిస్తాను. రిటైరయ్యే నెలలో నూకమ్మ, గౌరి వచ్చారు. గౌరి ఇంటర్‌లో చేరింది, నాకంటే పొడుగైంది. కాగితం తనే చకచకా నింపి ఇచ్చి, బయట బెంచీ మీద కూర్చుంది. నేను తల్లి కాగితం తీసి ఎప్పటిలాగే చదవబోయాను. "మీ పాప నిద్ర..."

"దాని సంగతి అదే సెప్పుకుంటాది మేడం ఇప్పుడు," అంది నూకమ్మ. "ఆ పిల్లల కాగితం ఉన్నాది కదా. అందులోయి నన్నడగండి."

నాకు వెంటనే అర్థం కాలేదు. నాలుగేళ్ళుగా ఆవిడ ఆ కుర్చీలో కూర్చుంటోంది. "నేనే సంపేసేననుకుంటన్నాను" అని నా ఎదుటే అంది. ఆ మాటని నేను గౌరికి మందు అనుకున్నాను. ఆవిడ గురించి ఒక్కసారీ అడగలేదు.

గౌరి నింపిన కాగితం పక్కన పెట్టి, కొత్తది తీశాను. 'నువ్వు' అన్నచోట 'మీరు' అని మార్చుకుని మొదటి ప్రశ్న చదివాను. నూకమ్మ వరండా వైపు చూసింది. బెంచీ మీద గౌరి ఫోను చూసుకుంటోంది.

"అది ఇనకూడదు మేడం," అంది. "తలుపేసి అడగండి."